పాత తెరచాప పడవలో మొరాయించే పెట్రోలు ఇంజన్: లోపాన్ని పట్టుకునే పద్ధతి

పూర్తిగా ఆగిపోయిన ఇంజన్ కంటే అప్పుడప్పుడు మాత్రమే ఆగే ఇంజన్ మనిషిని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఆగిపోయినదాన్ని ఎన్నిసార్లు పరీక్షించినా లోపం ఉన్నచోటే ఉంటుంది. అప్పుడప్పుడు ఆగేది మాత్రం రేవులో కట్టి ఉన్నంతసేపూ చక్కగా తిరిగి, గాలి పడిపోయి, ప్రవాహం పడవను రాళ్ల వైపు నెడుతున్న వేళ చటుక్కున నోరు మూసుకుంటుంది. తెరచాప ఉండగా ఇంజన్‌తో పనేముంది అనుకుంటాం గానీ, దాని అవసరం పడేది సరిగ్గా తెరచాప అక్కరకు రాని చోటే: ఇరుకైన రేవు ముఖద్వారంలో, ఎదురుగాలిలో, పక్కపక్కనే కట్టిన పడవల మధ్య మలుపు తిరిగేటప్పుడు.

ఇలాంటి ఇంజన్ చేతిలో పడినప్పుడు చాలామంది భాగాలను ఒకదాని తరువాత ఒకటి మార్చుకుంటూ పోతారు. స్పార్క్‌కు కావలసిన వోల్టేజీ పుట్టించే కాయిల్, దానికి తోడుండే కండెన్సర్, పెట్రోలు పంపు ఒకే రోజున మారుస్తారు, ఇంజన్ ఒక నెల బాగానే తిరుగుతుంది, మళ్లీ ఆగుతుంది. మూడింటిలో ఏది పాడైందో, అసలు ఏదైనా పాడైందో లేదో అప్పటికి ఎవరికీ తెలియదు. పైగా కొత్తగా వేసిన భాగంలోనే కొత్త లోపం ఉంటే పాత లోపమూ కొత్త లోపమూ కలిసిపోయి చిక్కుముడి పడుతుంది. ఇంజన్ ఏ తీరున ఆగిందో గమనించడం, ఆగిన తరువాతి మొదటి రెండు నిమిషాల్లో సరైన పరీక్ష చేయడం, ఈ రెండూ పెట్టెడు కొత్త భాగాల కంటే విలువైనవని నా గట్టి నమ్మకం. ఈ వ్యాసం అంతా ఆ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

పాత తెరచాప పడవల్లో పెట్రోలు ఇంజన్ అనగానే గుర్తుకు వచ్చేది అమెరికాలో యూనివర్సల్ సంస్థ తయారు చేసిన అటామిక్ 4. 1940ల చివరి నుంచి 1980ల మధ్య వరకు ఇవి సుమారు 40,000 తయారయ్యాయి. వాటిలో చాలా ఇంజన్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. నాలుగు సిలిండర్లు, పక్క వాల్వులు, సుమారు 30 గుర్రపుశక్తి గల సరళమైన యంత్రం అది. కింద ఇచ్చిన కొలతల్లో కొన్ని దానికి చెందినవి. పద్ధతి మాత్రం పాయింట్లు (కాయిల్ కరెంటును కలుపుతూ తెంచుతూ ఉండే స్పర్శలు), కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) ఉన్న ఏ పాత పెట్రోలు ఇంజన్‌కైనా వర్తిస్తుంది.

పానా పట్టుకోకముందు

పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది. కారులో కారిన పెట్రోలు నేల మీద పడి గాలికి పోతుంది. పడవలో కారినది అడుగున చేరి, అక్కడే ఆవిరై, ఒక్క నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. అందుకే ప్రతిసారీ స్టార్ట్ చేయడానికి ముందు కనీసం 4 నిమిషాలు బ్లోయర్ (ఇంజన్ గది గాలిని బయటికి తోసే పంకా) నడపాలి, ఆ తరువాత పడవ అడుగు భాగంలోకి వంగి ముక్కుతో వాసన చూడాలి. ముక్కును మించిన పరికరం ఈ పనికి లేదు. లోపం వెతికే సమయంలో గొట్టాలు విప్పుతాం, కార్బ్యురేటర్ తెరుస్తాం, వైర్లు కదుపుతాం. అంటే పెట్రోలూ నిప్పురవ్వా ఒకే పెట్టెలో కలిసే అవకాశాన్ని మన చేతులతోనే పెంచుతాం. కాబట్టి పెట్రోలు వైపు పని చేసేటప్పుడు బ్యాటరీ ప్రధాన స్విచ్ ఆపి ఉండాలి. విద్యుత్తు వైపు పని చేసేటప్పుడు పెట్రోలు భాగం ఏదీ తెరిచి ఉండకూడదు. రెండు పనులూ ఒకేసారి చేయకూడదు. మంటలార్పే సిలిండర్ ఇంజన్ గదిలో కాకుండా, మంట దాటకుండా చేతికి అందే చోట ఉండాలి.

ఇంకో మాట. స్టార్టర్, ఆల్టర్నేటర్, స్పార్క్‌ను సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్, పెట్రోలు పంపు వంటివాటికి కారు భాగాలు చవకగా దొరుకుతాయి, చూడటానికి అచ్చం అలాగే ఉంటాయి, సరిగ్గా అమరుతాయి కూడా. అయితే పడవ కోసం తయారైన భాగాలను లోపలి నిప్పురవ్వ బయటి ఆవిరిని అంటించకుండా కట్టుదిట్టంగా నిర్మిస్తారు. కారు భాగాలకు ఆ రక్షణ ఉండదు. ఈ ఒక్క విషయంలో పొదుపు చేయవద్దు.

ఆగిన తీరు చెప్పే సంగతి

పెట్రోలు ఇంజన్ తిరగడానికి స్పార్క్, పెట్రోలు-గాలి మిశ్రమం, సిలిండర్లో ఒత్తిడి అనే మూడూ కావాలి. అప్పుడప్పుడు వచ్చిపోయే లోపం దాదాపు ఎప్పుడూ మొదటి రెండింటిలోనే ఉంటుంది, ఎందుకంటే తగ్గిపోయిన ఒత్తిడి తనంతట తాను తిరిగి రాదు. కాబట్టి తేల్చవలసిన మొదటి ప్రశ్న ఒక్కటే: స్పార్కా, పెట్రోలా?

స్విచ్ ఆపినట్టు ఒక్కసారిగా, దగ్గు కూడా లేకుండా ఇంజన్ ఆగితే అది విద్యుత్తు లోపం. వేగం క్రమంగా తగ్గుతూ, తడబడుతూ, ఒకటి రెండుసార్లు కోలుకోబోయి చివరకు ఆగితే అది పెట్రోలు అందకపోవడం. ఈ తేడాకు కారణం ఉంది. విద్యుత్తు తెగితే నాలుగు సిలిండర్లూ ఒక్క క్షణంలో మూగబోతాయి. పెట్రోలు తెగితే మాత్రం కార్బ్యురేటర్ గిన్నెలో మిగిలినది అయిపోయేదాకా ఇంజన్ బలహీనపడుతూ నడుస్తుంది. నూటికి నూరుపాళ్లు నమ్మదగిన సూత్రం కాకపోయినా, వెతుకులాట ఏ వైపు మొదలుపెట్టాలో ఇది చెబుతుంది.

ఇంజన్ తడబడుతున్నప్పుడే చేయదగిన పరీక్ష ఒకటుంది. గాలిని తగ్గించి మిశ్రమంలో పెట్రోలు పాలు పెంచే చోక్‌ను కొద్దిగా లాగండి. ఇంజన్ కోలుకుంటే మిశ్రమంలో పెట్రోలు తక్కువగా ఉందని అర్థం: ఫిల్టర్, పంపు, జెట్ (కార్బ్యురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం), ట్యాంకు వరుసలో ఎక్కడో అడ్డు ఉంది. ఇంకా అధ్వానమైతే పెట్రోలు ఎక్కువవుతోందన్నమాట, లేదా లోపం స్పార్క్ వైపుది. ఖర్చు లేని ఈ పరీక్షను చేయి చుక్కాని మీద ఉండగానే చేయవచ్చు.

కాయిల్ రుణ టెర్మినల్ నుంచి సంకేతం తీసుకునే రకం ఇంజన్ వేగమాపకం మీ పడవలో ఉంటే దాని ముల్లును కూడా చూడండి. ఇంజన్ ఇంకా తిరుగుతుండగానే ముల్లు సున్నాకు పడిపోతే కాయిల్‌కు వెళ్లే విద్యుత్తు కానీ, పాయింట్లు కానీ తప్పుకున్నాయి. ముల్లు ఇంజన్ వేగంతో పాటే దిగితే ఆ వలయం బాగానే ఉందని అనుకోవచ్చు.

వీటితో పాటు సమయాన్ని రాసుకోవాలి. స్టార్ట్ చేసిన ఎంతసేపటికి ఆగింది, ఏ వేగంలో ఆగింది, మళ్లీ స్టార్ట్ కావడానికి ఎంతసేపు పట్టింది, అలలు ఎలా ఉన్నాయి, ట్యాంకులో పెట్రోలు ఎంత ఉంది. నాలుగైదుసార్లు రాసేసరికి ఒక క్రమం కనిపిస్తుంది. అలలున్న రోజునే ఆగుతుంటే ట్యాంకు అడుగున మడ్డి కదులుతోంది. ముప్పావుగంట నడిచాక ఆగి, అరగంట చల్లారాక ఏమీ జరగనట్టు స్టార్ట్ అయితే కాయిల్ వేడెక్కడం కానీ, ట్యాంకు వెంట్ (లోపలికి గాలి వచ్చే దారి) మూసుకుపోవడం కానీ కారణం కావచ్చు. ఈ రెండింటి లక్షణాలూ కవల పిల్లల్లా ఉంటాయి కాబట్టి వాటిని విడదీయడానికి తరువాతి పరీక్షలు కావాలి.

మొదటి రెండు నిమిషాలు

ఇంజన్ ఆగగానే అందరం చేసే పొరపాటు స్టార్టర్‌ను మళ్లీ మళ్లీ నొక్కడం. అది చివరకు అందుకుంటే అప్పటికి ఊపిరి పీల్చుకుంటాం. కానీ లోపం తన జాడ చెరిపేసుకుని వెళ్లిపోయినట్టే. పడవ ప్రమాదంలో లేకపోతే, అంటే తెరచాప ఎత్తి ఉంటే, లేదా లంగరు దించి ఉంటే, స్టార్టర్ జోలికి పోకుండా మూడు పనులు చేయాలి.

మొదట పెట్రోలు ట్యాంకు మూత విప్పండి. విప్పుతుండగా లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు వినిపిస్తే లోపం దొరికినట్టే. ట్యాంకు వెంట్ మూసుకుపోయి, పెట్రోలు ఖర్చవుతున్నకొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి, ఒక దశలో పంపు ఆ శూన్యానికి ఎదురు లాగలేకపోయింది. మూత విప్పడంతో గాలి నిండుతుంది, ఇంజన్ వెంటనే స్టార్ట్ అవుతుంది, మనం కాయిల్‌నో కార్బ్యురేటర్‌నో అనుమానిస్తూ ఉండిపోతాం. బయటివైపు వెంట్ రంధ్రంలో పురుగులు మట్టి గూళ్లు కట్టడం, ఉప్పు పేరుకోవడం, గొట్టం ఎక్కడో మడత పడి కిందికి జారిన చోట పెట్రోలో నీరో నిలవడం సాధారణంగా కనిపించే కారణాలు.

రెండోది, స్పార్క్ ఉందా అని చూడటం. బ్లోయర్ నడిపి, వాసన చూసిన తరువాతనే. పాతకాలపు మెకానిక్కులు కాయిల్ నుంచి వచ్చే లావు వైరును ఇంజన్ లోహానికి దగ్గరగా పట్టుకుని నిప్పురవ్వ దూకుతుందేమో చూసేవారు. పడవలో బయటికి కనిపించే నిప్పురవ్వను పుట్టించడం నాకు సమ్మతం కాదు. స్పార్క్ వైరుకూ ప్లగ్‌కూ మధ్య అమర్చే మూసిన టెస్టర్‌లో చిన్న దీపం మినుకుమంటుంది, అది చాలు. అంతకంటే మంచిది, స్పార్క్ టైమింగ్ చూసే లైటు క్లిప్పును కాయిల్ లావు వైరుకు తగిలించి, ప్రయాణమంతా అలాగే ఉంచి, ఇంజన్ తడబడే క్షణంలో ఆ మెరుపును చూడటం. మెరుపు క్రమం తప్పకుండా ఉండగానే ఇంజన్ చచ్చిపోతే కాయిల్ దాకా ఉన్నదంతా నిర్దోషి. ఆ లైటుకు బ్యాటరీ క్లిప్పులను ఇంజన్ ఆగి ఉన్నప్పుడు, గది గాలి ఆడి ఉన్నప్పుడే తగిలించాలి.

మూడోది, కార్బ్యురేటర్ గిన్నెలో పెట్రోలు ఉందా అని చూడటం. స్విచ్‌లన్నీ ఆపి, అడుగున ఉన్న బిరడాను చిన్న గిన్నె పట్టుకుని విప్పితే పెట్రోలు ధారగా రావాలి. రాకపోతే, లేదా రెండు చుక్కలు పడి ఆగితే, లోపం కార్బ్యురేటర్‌కు ముందుంది. ధారగా వస్తే దాన్ని గాజు సీసాలో పట్టి వెలుతురులో చూడండి: నీరు అడుగున వేరే పొరగా కనిపిస్తుంది, తుప్పు, మడ్డి కూడా తెలుస్తాయి. ఇంజన్ వేడిగా ఉంటుంది కాబట్టి ఒక్క చుక్క కూడా వేడి లోహం మీద పడకుండా చూసుకుని, పని ముగిశాక మళ్లీ బ్లోయర్ నడపాలి. ఇంత జాగ్రత్తగా చేయలేని స్థితిలో, అంటే పడవ బాగా ఊగుతుంటే, ఈ మూడో పరీక్షను వదిలేయండి.

స్పార్క్ వైపు

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. నా పడవ ఇంజన్ ఒక వేసవి అంతా స్విచ్ ఆపినట్టు ఆగుతూ వచ్చింది. కాయిల్ ధన టెర్మినల్ దగ్గర మల్టీమీటర్ పెడితే 12.4 వోల్టులు చూపేది. అందుకే వైరింగ్ బాగుందని నిర్ణయించుకుని కాయిల్, పాయింట్లు, కండెన్సర్, రోటర్ మార్చాను. లోపం అలాగే ఉంది. చివరకు అర్థమైంది ఏమిటంటే, నేను కొలిచినప్పుడు పాయింట్లు విడిపోయి ఉన్నాయి. ఆ స్థితిలో వైరులో కరెంటు ప్రవహించదు. ప్రవాహం లేనప్పుడు, ఎంత చిలుము పట్టిన కనెక్షన్ అయినా పూర్తి వోల్టేజీనే చూపుతుంది. ఇంజన్‌ను చేత్తో తిప్పి పాయింట్లు కలిసేలా చేసి కొలిస్తే అదే చోట 8 వోల్టులు కూడా లేవు. ఇంజన్ నుంచి స్విచ్‌ల పలకకు వెళ్లే వైర్ల గుత్తిలో ఒక కనెక్షన్, ప్లాస్టిక్ తొడుగు కింద పచ్చగా చిలుము పట్టి ఉంది. దానిని కోసి కొత్తది వేశాక ఆ లోపం మళ్లీ తలెత్తలేదు.

కాబట్టి కొలత ఎప్పుడూ పాయింట్లు కలిసి, కరెంటు ప్రవహిస్తున్నప్పుడు తీయాలి. బ్యాటరీ ధన కొస నుంచి కాయిల్ ధన టెర్మినల్ వరకు మొత్తం వోల్టేజీ తగ్గుదల అర వోల్టు లోపు ఉంటే మంచిది. ఎక్కువగా ఉంటే మీటరు ఒక కొసను బ్యాటరీ దగ్గరే ఉంచి, రెండో కొసను ఒక్కో కనెక్షన్ దాటిస్తూ వెళ్లండి. ఏ కనెక్షన్ దాటగానే తగ్గుదల కనిపిస్తుందో అదే దోషి. ఇగ్నిషన్ స్విచ్, ఫ్యూజు గూడు, ఆమ్‌మీటర్ వెనక నట్లు, ఇంజన్ దగ్గర గుత్తులను కలిపే ప్లగ్గు, ఇవన్నీ అనుమానించదగినవే. ఎర్త్ వైపు కూడా ఇలాగే చూడాలి. డిస్ట్రిబ్యూటర్ లోపలి సన్నని ఎర్త్ తీగ తొడుగు చెక్కుచెదరకుండా ఉండి, లోపలి పోగులు తెగి ఉండటం అరుదేమీ కాదు.

వైరింగ్ మీదే అనుమానం బలంగా ఉంటే దాన్ని పూర్తిగా పక్కకు తప్పించే దారి ఉంది. ఫ్యూజు అమర్చిన ఒక వైరును కాయిల్ ధన టెర్మినల్‌కు బిగించి, రెండో కొసను ఇంజన్ గదికి బయట, గాలి ఆడే చోట, బ్యాటరీ ధన వైపుకు కలపాలి. ఇలా నడిపినప్పుడు లోపం మాయమైతే స్విచ్‌ల పలక, వైర్ల గుత్తి దోషులు. ఈ ఏర్పాటుతో తాళంచెవి తిప్పినా ఇంజన్ ఆగదు, వైరు తీస్తేనే ఆగుతుంది. పడవలో ఉన్న అందరికీ ఆ సంగతి ముందే చెప్పి ఉంచండి. ఇది పరీక్ష కోసమే, శాశ్వతంగా ఉంచే ఏర్పాటు కాదు.

కాయిల్ సంగతికి వస్తే, వైర్లు విప్పి దాని రెండు చిన్న టెర్మినళ్ల మధ్య నిరోధం కొలవండి. పాయింట్లతో నడిచే 12 వోల్టుల వ్యవస్థకు సరిపడే, లోపలే నిరోధకం ఉన్న కాయిల్ సుమారు 3 నుంచి 4 ఓములు చూపుతుంది. ఒకటిన్నర ఓము చూపితే దానికి బయట వేరే నిరోధకం ఉండాలి. లేకపోతే రెండింతలకు పైగా కరెంటు లాగి, కాయిల్ కాలి, పాయింట్లు మాడిపోతాయి. గతంలో ఎవరో తొందరలో దొరికిన కాయిల్ తగిలించి వెళ్లిన పాత పడవలు చాలా ఉన్నాయి, అందుకే కాయిల్ మీద ఏమి రాసి ఉన్నా కొలిచి చూడటం మేలు. చల్లగా ఉన్నప్పుడు కొలత సరిగ్గా ఉన్నా, వేడెక్కాక లోపలి తీగ చుట్టలు విఫలం కావచ్చు. దీన్ని తేల్చడానికి, బాగుందని తెలిసిన మరో కాయిల్‌ను సిద్ధంగా ఉంచుకుని, ఇంజన్ ఆగిన వెంటనే మార్చి స్టార్ట్ చేయండి. చల్లారనివ్వకుండానే అందుకుంటే తీర్పు వచ్చినట్టే. ఇంజన్ ఆగి ఉండగా తాళంచెవి ఆన్‌లో వదిలేయడం కూడా కాయిల్‌ను కాల్చేస్తుంది, పాయింట్లు కలిసి ఉంటే కరెంటు ఆగకుండా ప్రవహిస్తూనే ఉంటుంది.

పాయింట్ల మధ్య ఖాళీ అటామిక్ 4కు 0.018 నుంచి 0.020 అంగుళం, ప్లగ్గుల ఖాళీ 0.035 అంగుళం. పాయింట్ల ముఖాలు తక్కువ కాలంలోనే నల్లగా మాడిపోతుంటే కండెన్సర్‌ను అనుమానించాలి. కొత్త కండెన్సర్ వేసినప్పుడు పాతదాన్ని పారేయకండి. ఈ కాలంలో దొరికే కొత్త భాగాలన్నీ పాతవాటి నాణ్యతతో రావు. డిస్ట్రిబ్యూటర్ మూత లోపల పెన్సిలు గీతలాంటి నల్లటి జాడలు ఉంటే స్పార్క్ ఆ దారిన పారిపోతోంది, మూత మార్చవలసిందే. మూత విప్పినప్పుడు వైర్ల వరుస తారుమారు కాకుండా గుర్తులు పెట్టుకోండి; అటామిక్ 4లో సిలిండర్లు మండే వరుస 1-2-4-3.

పెట్రోలు వైపు

పెట్రోలు దారి పొడవైనది: ట్యాంకులో మునిగిన గొట్టం, దాని కొసన జల్లెడ, పెట్రోలు తనంతట తాను కారిపోకుండా ఆపే వాల్వ్, గొట్టం, ఫిల్టర్, పంపు, మళ్లీ గొట్టం, కార్బ్యురేటర్. దీన్ని ఒక కొస నుంచి మరో కొసకు విప్పుకుంటూ పోవడం కంటే మధ్యలో రెండు సగాలుగా విడదీసి పరీక్షించడం తెలివైన పని. పడవ వెనక తగిలించే మోటార్లకు వాడే చిన్న ట్యాంకులో తాజా పెట్రోలు పోసి, దాన్ని బయట గాలి తగిలే చోట కదలకుండా కట్టి, దాని గొట్టాన్ని పంపు ముందున్న ఫిల్టర్‌కు కలిపి నడపండి. లోపం పోతే అది ట్యాంకు వైపుది; ఉంటే పంపు, కార్బ్యురేటర్ వైపుది. ఒక్క ప్రయాణంలో సగం అనుమానితులు తప్పుకుంటారు.

ట్యాంకు వైపు లోపం తేలితే మొదట వెంట్, ఆ తరువాత ట్యాంకు నుంచి బయటికి వచ్చే చోట ఉండే వాల్వ్ చూడాలి. గొట్టం తెగినా ట్యాంకు మొత్తం పడవలోకి కారిపోకుండా ఆ వాల్వ్ కాపాడుతుంది. అందులో స్ప్రింగు, బంతి తుప్పు పట్టి సగం మూసుకుపోతే ఎక్కువ వేగంలో మాత్రమే పెట్రోలు చాలదు. దాన్ని శుభ్రం చేయాలి, లేదా కొత్తది వేయాలి; తీసిపారేయకూడదు. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలి తేమను పీల్చుకుంటుంది, ఒక హద్దు దాటాక నీరూ ఇథనాలూ కలిసి అడుగున వేరే పొరగా దిగిపోతాయి. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలులో సుమారు అర శాతం నీరు చేరితే చాలు, ఇది జరుగుతుంది. పంపు లాగేది ట్యాంకు అడుగు నుంచే కాబట్టి ఇంజన్‌కు ముందుగా అందేది ఆ పొరే. దీనికి మందులు కలపడం కాదు, ఆ పెట్రోలు మొత్తం తోడేయడమే పరిష్కారం. పై కప్పులో పెట్రోలు పోసే మూత కింది రబ్బరు చుట్టు ఎండి పగిలితే వాన నీరు నేరుగా ట్యాంకులోకి దిగుతుంది. ఆ రబ్బరును చూడకుండా ట్యాంకు కడిగితే నెలలో మళ్లీ అదే స్థితి.

మెకానికల్ పంపుకు కింద చేత్తో నొక్కే మీట ఉంటుంది. గిన్నె నిండేదాకా నొక్కినప్పుడు ప్రతిఘటన తెలుస్తుంది, నిండాక మీట వదులవుతుంది. పంపు లోపల పెట్రోలును నెట్టే పొర చిరిగితే పెట్రోలు ఇంజన్ ఆయిల్లోకి దిగవచ్చు: ఆయిల్ కొలిచే కడ్డీ వాసన చూడండి, ఆయిల్ మట్టం పెరిగి ఉందేమో చూడండి. అలా ఉంటే ఇంజన్ తిప్పకండి. ముందు పంపు, ఆయిల్ మార్చాలి.

ఎలక్ట్రిక్ పంపు ఉన్న ఇంజన్లలో ఒక చిత్రమైన లోపం వస్తుంది. ఆయిల్ ఒత్తిడి ఉన్నప్పుడే పంపుకు కరెంటు ఇచ్చే భద్రతా స్విచ్ వాటిలో ఉంటుంది. అరిగిన ఇంజన్ వేడెక్కి, తక్కువ వేగంలో తిరుగుతున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి ఆ స్విచ్ హద్దు కిందికి జారుతుంది, పంపు ఆగుతుంది, కాసేపటికి ఇంజనూ ఆగుతుంది. వేగంగా నడిచినంతసేపు ఏ ఇబ్బందీ ఉండదు. రేవులోకి వచ్చి నెమ్మదించగానే ఆగుతుంది. స్విచ్ బలహీనపడి ఉండవచ్చు, లేదా ఆయిల్ ఒత్తిడే తగ్గి ఉండవచ్చు. గేజి పెట్టి తేల్చాలి. స్విచ్‌ను శాశ్వతంగా దాటవేస్తే, గొట్టం ఊడి ఇంజన్ ఆగినా పంపు పెట్రోలును పడవలోకి పోస్తూనే ఉంటుంది. అలా ఎన్నడూ చేయకండి. కార్బ్యురేటర్ ముందు చిన్న ఒత్తిడి గేజి అమర్చుకుంటే ఈ గొడవ అంతా ఒక్క చూపుతో తేలుతుంది: 2 నుంచి 3.5 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు) మధ్య నిలకడగా ఉంటే పంపు పని పంపు చేస్తోంది.

కార్బ్యురేటర్‌లో లక్షణమే చిరునామా చెబుతుంది. చోక్ కొంత మూసి ఉంచితేనే వేగం అందుకుంటే ప్రధాన జెట్‌లో మడ్డి ఉంది. వేగంగా బాగా నడిచి, తక్కువ వేగంలో నిలవకపోతే ఆ వేగానికి పెట్రోలు అందించే ఐడిల్ దారి మూసుకుపోయింది. జెట్లను ఇనుప తీగతో పొడవకూడదు. ఇత్తడి రంధ్రం ఇసుమంత పెద్దదైనా మిశ్రమం మారిపోతుంది. శుభ్రం చేసే ద్రావకంలో నానబెట్టి, గాలి ఊది, ప్రతి దారిలోనూ గాలి అవతలికి వస్తోందో లేదో చూడాలి. అలా శుభ్రం చేసిన నెలకే మళ్లీ మూసుకుపోతే దోషం కార్బ్యురేటర్‌ది కాదు. మడ్డి ట్యాంకు, గొట్టాల వైపు నుంచి వస్తోంది. నీటిని వేరుచేసే 10 మైక్రాన్ల ఫిల్టర్‌ను పంపు ముందు వేయాలి, లోపలి పొర ఊడుతున్న పాత గొట్టాలను మార్చాలి. గిన్నె నిండగానే పెట్రోలును ఆపవలసిన తేలియాడే బుడ్డి వాల్వ్ సరిగ్గా మూసుకోక పెట్రోలు బయటికి కారుతుంటే మాత్రం రేపటికి వాయిదా వేయకుండా ఆ రోజే బాగుచేయాలి.

వేడికి గొట్టంలోనే పెట్రోలు ఆవిరై దారి మూసేస్తోందని చాలామంది తేల్చేస్తుంటారు. అలా జరగదని కాదు, కానీ సముద్రపు నీటితో చల్లబడే ఇంజన్‌లో అది అరుదు. వెంట్, కాయిల్ పూర్తిగా చూడకుండా ఆ నిర్ణయానికి రావద్దు.

స్టార్టర్ ఎక్కువగా తిప్పితే వచ్చే ప్రమాదం

ఇంజన్ అందుకోనప్పుడు స్టార్టర్ తిప్పుతున్నంతసేపు నీటి పంపు కూడా తిరుగుతూ పొగ గొట్టంలోకి నీరు పోస్తూనే ఉంటుంది. ఆ నీటిని బయటికి నెట్టే పొగ మాత్రం లేదు. సైలెన్సర్ నిండి, నీరు వెనక్కి ఎక్కి, సిలిండర్లలోకి చేరుతుంది. కాబట్టి కొద్ది సెకన్ల చొప్పున మూడు నాలుగుసార్లు తిప్పినా అందుకోకపోతే సముద్రపు నీరు లోపలికి వచ్చే వాల్వ్ మూసేయండి. ఇంజన్ అందుకోగానే తెరవండి. మరిచిపోకుండా ఆ వాల్వ్ పిడికి ఒక గుడ్డ ముక్క కట్టి, దాని రెండో ముక్కను తాళంచెవికి కట్టుకోవడం నా అలవాటు. ఒకవేళ సిలిండర్లలోకి ఉప్పు నీరు చేరితే గంటలు లెక్కపెట్టుకోవాలి: కాయిల్ వైరు విప్పి, నాలుగు ప్లగ్గులూ తీసి, నీరంతా బయటికి చిమ్మేలా తిప్పి, ప్రతి సిలిండర్‌లో ఆయిల్ పోసి మళ్లీ తిప్పి, ఎలాగైనా ఆ రోజే ఇంజన్‌ను వేడెక్కేదాకా నడపాలి. మరుసటి రోజుకు రింగులు, వాల్వులు బిగుసుకుంటాయి.

శక్తి తగ్గి, వేగం అందక, ఇంజన్ ఊపిరాడనట్టు ఉంటే పొగ గొట్టం వేడి భాగంలో తుప్పు, మసి పేరుకున్నాయేమో చూడండి. పడవ అడుగున ప్రొపెల్లర్‌కు గుల్లలు పట్టినా, తాడు చుట్టుకున్నా లక్షణం ఇలాగే ఉంటుంది, కాబట్టి ఇంజన్ విప్పే ముందు నీటిలోకి ఒకసారి చూడటం మంచిది.

సిలిండర్ల ఒత్తిడి పరీక్షను చివరకు ఉంచినా ఏడాదికోసారి చేసి రాసిపెట్టుకోవాలి. ఇంజన్ వేడిగా ఉండగా, కాయిల్ వైరు విప్పి, నాలుగు ప్లగ్గులూ తీసి, త్రాటిల్ పూర్తిగా తెరిచి కొలవాలి. సుమారు 80 నుంచి 100 పి.ఎస్.ఐ. ఉండి, సిలిండర్ల మధ్య తేడా 10 శాతం లోపు ఉంటే సంతోషమే. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు మాత్రమే తక్కువ చూపితే వాటి మధ్య గ్యాస్కెట్ తెగి ఉంటుంది. ఒక్కటే సున్నాకు దగ్గరగా ఉంటే, ముఖ్యంగా నెలల తరబడి ఆగి ఉన్న ఇంజన్‌లో, వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉంటుంది; తుప్పు వదిలించే ఆయిల్ పోసి, ఒక రాత్రి నానబెట్టి, చేత్తో నెమ్మదిగా తిప్పి చూడాలి.

బాగుచేశామని ఎప్పుడు అనుకోవాలి

రేవులో కట్టి ఉంచి పది నిమిషాలు నడిపితే ఏమీ తేలదు. పడవను నెట్టే భారం లేని ఇంజన్ పెట్రోలు తక్కువ తాగుతుంది, గొట్టాల్లో అడ్డు ఉన్నా బయటపడదు, కాయిల్ పూర్తిగా వేడెక్కదు. తాళ్లు గట్టిగా కట్టి, గేరు వేసి, మామూలు ప్రయాణ వేగంలో కనీసం గంటసేపు నడపాలి. ఆ తరువాత గాలి తక్కువగా ఉన్న రోజు చూసుకుని, తెరచాప ఎత్తడానికి సిద్ధంగా, లంగరు దించడానికి సిద్ధంగా, విశాలమైన నీటిలో రెండు గంటలు నడపాలి. మునుపు ముప్పావుగంటకు ఆగిన ఇంజన్ మూడు ప్రయాణాల్లో రెండేసి గంటలు నడిస్తేనే, ఆగిన వివరాలు రాసుకున్న పేజీలో "తీరింది" అని రాయండి. అంతవరకు ఒక్కో ప్రయాణానికి ఒక్క భాగాన్ని మాత్రమే మార్చి, తేదీ వేసి, తీసిన పాత భాగం మీద "బాగుంది" అనో "పాడైంది" అనో రాసి పెట్టెలో దాచండి. ఆ పెట్టెలో బాగుందని తెలిసిన ఒక కాయిల్, ఒక జత పాయింట్లు, కండెన్సర్, రోటర్, నీటి పంపు ఇంపెల్లర్, రెండు పెట్రోలు ఫిల్టర్లు, ఫ్యూజు అమర్చిన పొడవాటి వైరు ఎప్పుడూ ఉండాలి.